శుక్రవారం ఇచ్చిన మాత్రలు

కాల్చిన మిరపకాయల్ని మూతపెట్టి కాసేపు మగ్గనిచ్చి, వేడి ఆరకముందే తొక్క తీసెయ్యాలి. ఆరిపోయిందంటే తొక్క కండను పట్టుకుని ఊడి రాదు. అందుకని వేళ్లు చురుక్కుమంటున్నా ఆగకూడదు. ఆ బుధవారం పొద్దున ఏడింటి నుంచీ నేను పెరట్లో పీట వేసుకుని అదే పని చేస్తున్నాను. యాభై కిలోల ఎర్ర బుంగమిరపకాయలు. మా అత్తగారు స్తామెంకా ఇనప పొయ్యి దగ్గర నిలబడి కాయల్ని తిరగేస్తోంది. నా ఎదురుగా స్టూలు మీద ఫార్మకాలజీ నోట్సు తెరిచి, గాలికి ఎగరకుండా దాని మీద ఖాళీ సీసా ఒకటి బరువు పెట్టాను. చేతులకి తీరిక లేదు కాబట్టి పేజీలు మోచేత్తో తిప్పుకుంటున్నాను. మర్నాడు తొమ్మిదింటికి నీష్ నగరంలో నా పరీక్ష.

"ఆ కాగితాలు లోపల పెట్టు, మసి పడుతుంది" అంది అత్తగారు. కాగితాల మీద మసి పడుతుందని కాదు ఆవిడ బాధ, కాగితమేదైనా ఎగిరి పచ్చడిలో పడుతుందేమోనని.

సెప్టెంబరు వస్తే మా లెస్కోవాట్స్ ఊరు ఊరంతా కాలిన మిరపకాయల వాసనే. చలికాలం మొత్తానికి సరిపడా ఐవార్ పచ్చడి ఈ నెలలోనే పెట్టుకోవాలి. దంతవైద్య కళాశాల వాళ్లు ఆఖరి పరీక్షలు పెట్టేదీ ఈ నెలలోనే. ఆ పరీక్షలు సెప్టెంబరులో పెట్టాలని నిర్ణయించిన మహానుభావుడెవరో గానీ, అతని ఇంట్లో పచ్చడి ఇంకెవరో పెట్టి ఉంటారు. పోయినేడు నేను అరవై రెండు సీసాలు నింపి, గోళ్లలో ఆ నలుపు పోకుండానే వెళ్లి పరీక్ష బల్ల ముందు కూర్చున్నాను. ప్రొఫెసర్ జాగోర్కా నా చేతుల వైపు ఒకసారి చూసింది. ఐదు వేసి నా మార్కుల పుస్తకం నా వైపు తోసింది. మా దగ్గర ఐదంటే తప్పినట్టు. అది మూడోసారి. మధ్యలో మానేసి మళ్లీ చేరిన వాళ్లకి గడువు ఉంటుంది. ఈ సెప్టెంబరులో కూడా తప్పితే నా పేరు కొట్టేస్తారు, మళ్లీ చేర్చుకోరు. నాకిప్పుడు ముప్ఫై ఆరేళ్లు.

మానేసింది మూడో సంవత్సరంలో, మా అమ్మాయి లెంకా కడుపులో ఉన్నప్పుడు. మా ఆయన ప్రెద్రాగ్ అప్పుడే మా ఇంటి కింది భాగంలో పళ్ల క్లినిక్ తెరిచాడు. "ఆర్నెల్లు సాయం చెయ్యి నెవేనా, ఆ తర్వాత నిన్ను నేనే కాలేజీలో దింపి వస్తా" అన్నాడు. ఇప్పుడు లెంకాకి పదకొండేళ్లు. ఈ పదకొండేళ్లలో పనిముట్లు ఉడకబెట్టింది నేను, సిమెంటు కలిపింది నేను, ఉమ్మి పీల్చే గొట్టం పట్టుకున్నది నేను, సాయంత్రం నేల తుడిచి పైకి వెళ్లి వంట చేసింది నేను. ఇంటికి ఎవరైనా వచ్చినప్పుడు ప్రెద్రాగ్ ఒకే హాస్యం మళ్లీ మళ్లీ ఆడతాడు: "నర్సయితే జీతం అడుగుతుంది, అందుకే పెళ్లి చేసుకున్నా." అందరూ నవ్వుతారు, నేనూ కాఫీ పోస్తూ నవ్వుతాను. రోగుల ముందు నేను అతన్ని డాక్టర్ అనాలి, మీరు అనాలి. అతను మాత్రం నన్ను ఎలా పిలిచినా చెల్లుతుంది. మళ్లీ చదువుకుంటానన్న రోజున అత్తగారు "ఇంట్లో ఒక డాక్టరు చాలడా" అంది. ప్రెద్రాగ్ అడ్డు చెప్పలేదు. "చదువుకో, ఎవరు వద్దన్నారు, పనయ్యాక చదువుకో" అన్నాడు. పని ఎప్పుడవుతుందో మాత్రం ఇద్దరమూ మాట్లాడుకోలేదు.

ఈ పదకొండేళ్లలో నేనొక విద్య నేర్చాను. ప్రెద్రాగ్‌కి తెలియనిదేదైనా చెప్పాలంటే, అడిగినట్టు చెప్పాలి. నాలుగో నెల గర్భిణికి డాక్సీసైక్లిన్ ఇవ్వబోతుంటే, "దీనివల్ల పుట్టబోయే బిడ్డ పళ్లు పచ్చబడతాయని ఇదివరకు మీరే అన్నట్టు గుర్తు డాక్టర్, నేనే పొరబడ్డానేమో" అనాలి. అతను ఎప్పుడూ అనలేదు, అది నేను చదివింది. కానీ అలా చెబితే తలూపి, "అదే నేనూ ఆలోచిస్తున్నా" అని మందు మారుస్తాడు. ఆస్పిరిన్ పడని ఉబ్బసం పిల్లకి ఐబుప్రొఫెన్ రాసినప్పుడూ అంతే. అతను మరీ మొండికేసిన రోజున నేను సాయంత్రం రోగి ఇంటికి ఫోన్ చేసి, "డాక్టరు గారు ఇంకోసారి ఆలోచించి ఆ మాత్ర ఆపమన్నారు" అని చెప్పేదాన్ని. ఊళ్లో అతనికి మంచి పేరు ఉంది. ఆ పేరులో నా ఫోన్లు ఎన్ని ఉన్నాయో అతనికి కూడా తెలియదు.

నన్ను పరీక్షలో ముంచింది ఆ విద్యే. మా పరీక్ష నోటితో చెప్పేది. బల్ల మీద బోర్లించిన చీటీల్లో ఒకటి తీసి, అందులో ఉన్నదాని మీద ప్రొఫెసర్ ముందు కూర్చుని మాట్లాడాలి. పోయినేడు నాకు వచ్చిన చీటీ, అడ్రినలిన్ కలిపిన మత్తు సూది. ఎవరికి జాగ్రత్తగా ఇవ్వాలని ప్రొఫెసర్ జాగోర్కా అడిగింది. నేను గుండె జబ్బున్న వాళ్లకేమో అన్నాను. ప్రొప్రనొలాల్ అనే గుండె మాత్ర వేసుకునే వాళ్లకి కూడా రక్తపోటు ఎగబాకుతుందేమో అన్నాను. ఆవిడ కళ్లజోడు తీసింది.

"తెలిసి చెప్తున్నారా, లేక నన్ను అడుగుతున్నారా?"

"తెలుసనే అనుకుంటున్నానండీ."

"అమ్మాయ్, రోగి నోట్లో సూది ఉన్నప్పుడు అనుకోవడాలు కుదరవు. తెలిసీ చెప్పలేని డాక్టరు తెలియని డాక్టరు కంటే ప్రమాదం. వచ్చే ఏడాది రండి."

బస్సులో ఇంటికొస్తూ ఆవిడని తిట్టుకున్నాను. ముసల్దానికి నా బతుకేం తెలుసు అనుకున్నాను. ఆ మాటలోని నిజం నాకు తగలడానికి ఏడాది పట్టింది, బుడిమిర్ బాబాయి ఆసుపత్రి పాలైతే గానీ తగల్లేదు.

బుడిమిర్ బాబాయి మా వీధి చివర ఉంటాడు. మూతపడ్డ బట్టల మిల్లులో ముప్ఫై ఏళ్లు మగ్గాలు బాగుచేసిన మనిషి. నన్ను ఎప్పుడూ కోడలు పిల్లా అనే పిలుస్తాడు. శుక్రవారం దవడ వాచి వచ్చాడు. నొప్పికి ఆగలేక మా ఊరి ముసలాళ్లంతా చేసే పనే చేశాడు: ఆస్పిరిన్ మాత్ర పంటి చిగురు మీద పెట్టుకుని, రకియా సారా పుక్కిట పట్టాడు. చిగురంతా తెల్లగా ఉడికిపోయి ఉంది. ప్రెద్రాగ్ చీము తీసి, అమాక్సిసిలిన్‌తో పాటు మెట్రోనిడజోల్ కూడా ఇమ్మన్నాడు. రోజుకి మూడు, వారం పాటు. బాబాయికి గుండె లయ తప్పుతుందని మూడేళ్ల నుంచి వార్ఫరిన్ వాడుతున్నాడు. రక్తం గడ్డకట్టకుండా చేసే మాత్ర అది. మెట్రోనిడజోల్ పక్కన చేరితే ఒంట్లో వార్ఫరిన్ ఖర్చవడం తగ్గిపోయి, దాని పని ఎన్నో రెట్లు పెరుగుతుంది. వేసిన మాత్ర ఒకటే, లోపల జరిగేది నాలుగు వేసుకున్నట్టు. నా నోట్సులో ఆ వాక్యం కింద రెండు గీతలు ఉన్నాయి.

నేను నా విద్య ప్రయోగించాను. "బాబాయి వార్ఫరిన్ వాడతాడు, దానికీ దీనికీ సరిపడుతుందంటారా డాక్టర్?" అన్నాను. ఆ రోజు ప్రెద్రాగ్‌కి దేని మీద కోపమో తెలియదు, బయట ఇంకా ఐదుగురు కూర్చుని ఉన్నారు.

"విన్నావా బాబాయ్, ఫార్మకాలజీ మూడుసార్లు తప్పిన ఆవిడ నాకు మందులు నేర్పుతోంది" అన్నాడు.

బాబాయి నోట్లో దూది. ఆ దూదితోనే మర్యాదకి నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వి, సొరుగు తీసి, ఇరవై ఒక్క మాత్రలు లెక్కపెట్టి కాగితం కవర్లో వేసి, పైన నా చేతిరాతతో "రోజుకి మూడు, తిన్న తర్వాత, మధ్యలో ఆపకూడదు" అని రాసి చేతికిచ్చాను. "బతికుండు కోడలు పిల్లా" అని దీవించి వెళ్లాడు.

సాయంత్రం ఫోన్ చెయ్యచ్చు. ఎప్పుడూ చేసేదాన్నే. ఆ రోజు లెంకాకి జ్వరం, మిరపకాయల బస్తాలు దిగాయి, సీసాలు కడగాలి అని నాకు నేను చెప్పుకున్నాను. అవన్నీ నిజమే. అయినా ఫోన్ చెయ్యడానికి రెండు నిమిషాలు చాలు. అసలు మాట నేనిప్పుడు చెప్పాలి. సీసాలు కడుగుతూ ఫోన్ వైపు చూసి, ఈ ఒక్కసారి అతని తప్పు అతన్నే తగలనీ అనుకున్నాను. ఎన్నాళ్లు వెనకాల తుడుస్తాను, ఒక్కసారి నలుగురి ముందూ నవ్వులపాలు కానీ అనుకున్నాను. నా కసిలో ప్రెద్రాగ్ ఉన్నాడు, నేనున్నాను, బుడిమిర్ బాబాయి మాత్రం లేడు. శనివారం మర్చిపోయినట్టు నటించాను. ఆదివారానికి నిజంగానే మర్చిపోయాను.

బుధవారం పదకొండింటికి క్లినిక్ ఫోన్ మోగింది. కిటికీ తెరిచే ఉంది కాబట్టి పెరట్లోకి ప్రెద్రాగ్ మాటలు వినిపించాయి. అవతల బాబాయి భార్య వుకోసవా, ఆసుపత్రి నుంచి. బాబాయికి రాత్రి నుంచి ముక్కులోంచి రక్తం ఆగట్లేదట, మూత్రం ఎర్రగా వచ్చిందట, తెల్లారి స్పృహ తప్పాడట. మధ్యలో మెలకువ వచ్చినప్పుడల్లా ఆవిడే పంటి మాత్ర పాలతో మింగిస్తోంది, ఆపకూడదని కవరు మీద రాసుంది కదా. అక్కడి డాక్టరు ఆ తెల్ల మాత్రలేమిటో కనుక్కోమన్నాడట.

నేను తొక్క తీయడం ఆపేశాను. ప్రెద్రాగ్ ఒక క్షణం మాట్లాడలేదు. ఆ క్షణం నిశ్శబ్దంలోనే అతనికి అర్థమైందని నాకు తెలిసింది. తర్వాత చాలా నెమ్మదిగా, రోగుల్ని ఊరడించే ఆ మంచి గొంతుతో అన్నాడు: "అవి మామూలు యాంటీబయాటిక్సే పిన్నీ, పెన్సిలిన్ లాంటివి. బాబాయి ఆస్పిరిన్ మింగుతున్నట్టున్నాడు, చిగురు కాలి ఉండడం నేను కళ్లారా చూశాను. ఆ మాట డాక్టరుకి చెప్పు." అని ఫోన్ పెట్టేశాడు.

రెండు నిమిషాల్లో పెరట్లోకి వచ్చాడు. చేతిలో తెల్ల కాగితం, పెన్ను. తెల్లకోటు కూడా విప్పలేదు. అత్తగారు కాయలు తిరగేస్తూనే ఉంది.

"కవరు మీద రాత నీది" అన్నాడు.

నేను చేతిలోని కాయ గిన్నెలో పడేశాను.

"ఎవరూ అడక్కపోవచ్చు. ఒకవేళ అడిగితే చేతిలో కాగితం ఉండాలి. డాక్టరుకి చెప్పకుండా నువ్వే సొరుగులోంచి ఇచ్చావని రాయి. పొరబాటున ఇచ్చావు. రద్దీలో. అంతే, పెద్ద నేరమేం కాదు."

"వాళ్లు ఇంకా ఆ మాత్రలు మింగిస్తున్నారు ప్రెద్రాగ్."

"సాయంత్రం నేనే వెళ్లి ఎలాగోలా ఆపిస్తాలే. ముందు ఇది చూడు. నాకు పన్నెండేళ్ల పేరు, లైసెన్సు. అది పోతే మనందరం వీధిన పడతాం. నీకు పోయేదేముంది?"

అతను వెటకారంగా అన్లేదు. నిజంగానే ఆలోచించి, లెక్క చూసుకుని, నాకు పోయేదేమీ లేదని తేల్చుకుని అన్నాడు. పద్నాలుగేళ్లు పక్కన పడుకున్న మనిషి. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి నాకేముందో అతనికి గుర్తుంది కూడా, ఎందుకంటే వెంటనే, "రేపు నిన్ను నేనే కార్లో నీష్ తీసుకెళ్తా, పచ్చడి అమ్మ చూసుకుంటుంది" అన్నాడు. పదకొండేళ్ల కింద అన్న మాట. ఆ మాట నిలబెట్టుకోవడానికి అతనికి ఇవాళ కుదిరింది. లైసెన్సు లేకుండా నా ఇష్టానికి మందులు పంచానని నా చేత్తో నేనే రాసిస్తే ఏ కాలేజీ నన్ను ఉంచుకుంటుంది, రేపు నేను ఏ చీటీ తీసినా దేనికి పనికొస్తుంది అని అతనికి తట్టనే లేదు. తట్టి ఉంటే నాకింకా భయం వేసేది.

ఏమీ చెయ్యకుండా కూర్చోవచ్చని కూడా అనిపించింది. నేను సంతకం పెట్టను, నోరూ విప్పను. తప్పు ఆస్పిరిన్ మీదికి పోతుంది. బాబాయి బతికితే బతుకుతాడు. నేను రేపు వెళ్లి చీటీ తీస్తాను, పాసవుతాను, డాక్టర్నవుతాను. ఆ ఆలోచన ఎంత హాయిగా వచ్చిందంటే, అది నాది కాదని చెప్పుకోవడానికి నాకు వీల్లేకపోయింది. శుక్రవారం నన్ను ఫోన్ చెయ్యనివ్వనిది కూడా అదే. ఏ మందు ఎవరికి ఎందుకు ఇవ్వకూడదో మూడేళ్లు రాత్రింబవళ్లు చదివాను. ఒక ముసలాయన చేతికి ఆ మందే ఇచ్చి, దీవెన కూడా తీసుకున్నాను.  

నేను లేచి క్లినిక్ వైపు నడిచాను. ప్రెద్రాగ్ కాగితం పట్టుకుని వెనకే వచ్చి గుమ్మం దగ్గర నా జబ్బ పట్టుకున్నాడు. "అమ్మా, నువ్వైనా చెప్పు దీనికి" అని అరిచాడు.

అత్తగారు మా వైపు తిరగలేదు. చేతిలో పట్టకారు అలాగే ఉంది, కాయ ఒకటి మాడిపోతున్నా తిప్పలేదు. "మిల్లులో వుకోసవా నా పక్క మగ్గం మీద పద్దెనిమిదేళ్లు పనిచేసింది" అంది.  ఎవరికి చెప్పిందో నాకు తెలియదు. ప్రెద్రాగ్ చెయ్యి మాత్రం సడలింది.

లోపలికెళ్లి తలుపు గడియ పెట్టాను. రోగుల రిజిస్టరు తెరిస్తే శుక్రవారం పేజీ నిండా నా చేతిరాతే. బుడిమిర్ పేరు, దవడ, చీము, మందులు. నా వేళ్ల మసి ఆ పేజీకి అంటుకుంది. ఆసుపత్రికి ఫోన్ చేశాను. ముగ్గురు మారి, చివరికి ఆ వార్డు డాక్టరు లైన్లోకి వచ్చాడు. కుర్ర గొంతు, బాగా అలసిపోయి ఉంది.

"బుడిమిర్ గారి గురించి. ఆయన మింగుతున్న తెల్ల మాత్రలు మెట్రోనిడజోల్. రోజుకి మూడు, శుక్రవారం సాయంత్రం నుంచి. ఆయన వార్ఫరిన్ మీద ఉన్నారు. వుకోసవా గారి సంచిలో కవరు ఉంటుంది, వెంటనే తీసేసుకోండి."

అవతల అతను ఎవరితోనో గబగబా ఏదో చెప్పాడు, ఎవరో పరిగెత్తిన చప్పుడైంది. మళ్లీ ఫోన్ దగ్గరికి వచ్చాడు. "మంచి పని చేశారమ్మా. మీరు డాక్టరు గారి భార్యా?" అన్నాడు.

గుమ్మం అవతల ప్రెద్రాగ్ తలుపు కొట్టడం మానేసి వింటున్నాడు.

"నా పేరు నెవేనా. ఇమ్మన్నది డాక్టర్ ప్రెద్రాగ్. లెక్కపెట్టి చేతికిచ్చింది నేను. ఇద్దరి పేర్లూ రాసుకోండి."

"రాస్తున్నాను" అన్నాడు. పాపం, నాకు సాయం చేద్దామనే అడిగాడు. "ఈ రెండూ కలిపి ఇవ్వకూడదని మీకు ఇప్పుడే తెలిసిందని రాయనా?"

ఔనంటే సరిపోయేది. మర్నాటి పరీక్ష ఆ ఒక్క ఔను మీద ఉంది. ఎదురుగా ప్రొఫెసర్ జాగోర్కా కళ్లజోడు తీసి నన్నే చూస్తున్నట్టనిపించింది.

"కాదు" అన్నాను. "శుక్రవారం, మాత్రలు కవర్లో వేస్తున్నప్పుడే నాకు తెలుసు."